ఎల్క్ వేటకు ఖరీదైన బుల్లెట్టే కావాలా?

ప్రశ్న: నేను సైన్యంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అల్లుడు అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో స్థిరపడ్డాడు. వచ్చే అక్టోబరులో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు నన్ను కూడా తీసుకువెళ్తానంటున్నాడు. అతని దగ్గరున్నది థర్టీ ఆట్ సిక్స్ (.30-06) రకం రైఫిల్. దానికి సరిపోయే 20 తూటాల పెట్టె ఒకటి 35 డాలర్లకు, మరొకటి 70 డాలర్లకు దొరుకుతున్నాయట. అంత పెద్ద జంతువును చవక బుల్లెట్‌తో కొట్టకూడదని అతని స్నేహితుల్లో కొందరు, తాతల నాటి నుంచి చవక బుల్లెట్లతోనే కొడుతున్నామని మరికొందరు అంటున్నారట. కొట్టేది రెండు వందల గజాల లోపేనని మా అల్లుడి మాట. మేము ఎస్‌ఎల్‌ఆర్ అనే సైనిక రైఫిల్ పట్టిన రోజుల్లో ఎంచుకునే పనే లేదు, ఇచ్చిన తూటానే కాల్చేవాళ్లం. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి, హైదరాబాద్

జవాబు: థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్‌తో, రెండు వందల గజాల లోపు, మీకు పూర్తిగా పక్కకు తిరిగి నిలబడిన ఎల్క్‌ను కొట్టేటట్టయితే ఖరీదైన బుల్లెట్ తప్పనిసరి కాదు. 180 గ్రెయిన్ల (దాదాపు పన్నెండు గ్రాముల) బరువున్న మంచి సాధారణ బుల్లెట్ ఆ పనిని చక్కగా చేస్తుంది, దశాబ్దాలుగా చేస్తూనే ఉంది. అయితే ఈ మాటలో రైఫిల్, దూరం, జంతువు నిలబడిన తీరు అనే మూడు షరతులు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి మారినా జవాబు కూడా మారుతుంది. మీ అల్లుడి స్నేహితులలో రెండు వర్గాలూ అనుభవంతోనే మాట్లాడుతూ ఉండవచ్చు. వారి రైఫిళ్లు వేరు, వారు కొట్టిన కోణాలు వేరు అయి ఉంటాయి.

ముందుగా జంతువు సంగతి. రాకీ పర్వతాల మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, ఆడది 225 కిలోల దాకా తూగుతుంది. మన దేశపు జింక జాతుల్లో పెద్దదైన కణితి కన్నా ఇది సాధారణంగా బరువైనది. బరువొక్కటే కాక, ఆ ఒంటిలో బుల్లెట్ దేన్ని దాటుకుని పోవాలన్నది ముఖ్యం. జంతువు పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి జబ్బకు కాస్త వెనుకగా కొడితే బుల్లెట్‌కు అడ్డం వచ్చేవి మందపాటి చర్మమూ, పక్కటెముకలూ మాత్రమే; వాటి వెనుకే అడుగుకు పైగా వెడల్పున రెండు ఊపిరితిత్తులూ ఉంటాయి. అదే జంతువు కొంచెం మీవైపు తిరిగి నిలబడితే, ఊపిరితిత్తులను చేరడానికి ముందు బుల్లెట్ జబ్బ కండనూ, దాని కింది భాగంలోని బలమైన కాలి ఎముకనూ పగలగొట్టుకుని పోవలసి వస్తుంది. జబ్బ పైభాగంలోని రెక్క ఎముక పలుచగా, బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అది పెద్ద అడ్డంకి కాదు. దాని కింద కీలు దగ్గర మొదలయ్యే ఎముకే అసలైన పరీక్ష. మీకు వెనుక భాగం చూపిస్తూ ఏటవాలుగా నిలబడితే, నిండా మేత ఉన్న పెద్ద పొట్టను దాటి బుల్లెట్ ముందుకు పోవాలి. తడి మేత బుల్లెట్ వేగాన్ని ఎంతగా మింగేస్తుందో చూసినవారికే తెలుస్తుంది.

ఇప్పుడు బుల్లెట్ సంగతి. మీరు ఎస్‌ఎల్‌ఆర్‌లో వాడినది ముందు భాగమంతా గట్టి లోహపు తొడుగుతో మూసి ఉన్న సైనిక బుల్లెట్. అది విచ్చుకోదు. యుద్ధంలో విచ్చుకునే బుల్లెట్లు వాడరాదని 1899లో హేగ్‌లో దేశాలు ఒప్పుకోవడానికి ఒక కారణం మన దేశంలోనే పుట్టింది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో 1890ల్లో ముక్కు దగ్గర సీసం బయటికి కనబడేలా చేసిన త్రీ నాట్ త్రీ బుల్లెట్ల పేరు ప్రపంచమంతా పాకింది. వేటలో నియమం దీనికి సరిగ్గా వ్యతిరేకం. గట్టి తొడుగు బుల్లెట్ జంతువు ఒంటిలో సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. జంతువు వెంటనే చావక, గంటల తరబడి బాధపడుతూ, దొరకని చోటికి వెళ్లి చస్తుంది. అందుకే కొలరాడోలో పెద్ద జంతువుల వేటకు విచ్చుకునే బుల్లెట్ వాడాలని చట్టమే చెబుతోంది. ఎల్క్ విషయంలో బుల్లెట్ వ్యాసం కనీసం 6 మిల్లీమీటర్లు, బరువు కనీసం 85 గ్రెయిన్లు, వంద గజాల దగ్గర శక్తి కనీసం 1000 అడుగు-పౌండ్లు ఉండాలన్నది అక్కడి కనీస హద్దు. మీ అల్లుడి రైఫిల్ ఈ హద్దును రెండింతలకు పైగా దాటుతుంది. సైన్యంలో పనిచేసినవారికి నేను ప్రత్యేకంగా చెప్పదలచినది ఒకటే: మిగులు సరుకుగా చవకగా అమ్మే సైనిక తూటాలను లక్ష్యం మీద సాధనకు వాడుకోండి, వేటకు మాత్రం పొరపాటున కూడా తీసుకుపోవద్దు.

సాధారణ వేట బుల్లెట్ అంటే రాగితో చేసిన పలుచని తొడుగులో సీసం పోసినది. తగిలిన వెంటనే ముక్కు దగ్గరి సీసం గొడుగులా విచ్చుకుని, గాయాన్ని వెడల్పు చేస్తూ లోపలికి పోతుంది. రెమింగ్టన్ వారి కోర్‌లోక్ట్ 1939 నుంచి అమ్ముడవుతోంది; విన్‌చెస్టర్ వారి పవర్ పాయింట్, హోర్నడీ వారి ఇంటర్‌లాక్ కూడా ఈ కుటుంబానివే. వీటి బలహీనత ఒకటే. వేగం ఎక్కువైనప్పుడు, గట్టి ఎముక తగిలినప్పుడు తొడుగు నుంచి సీసం విడిపోయి, బుల్లెట్ ముక్కలై, లోతుకు పోయే శక్తిని కోల్పోతుంది. థర్టీ ఆట్ సిక్స్‌లో 180 గ్రెయిన్ల బుల్లెట్ గొట్టం నుంచి సెకనుకు సుమారు 2700 అడుగుల వేగంతో బయలుదేరి, రెండు వందల గజాలు పోయేసరికి 2300 అడుగుల దరిదాపులకు దిగుతుంది. సాధారణ బుల్లెట్ నిశ్చింతగా పనిచేసే వేగం సరిగ్గా ఇదే. అందుకే ఈ రైఫిల్ పట్టిన తాతలకు ఖరీదైన బుల్లెట్ అవసరం కనబడలేదు.

అవసరం ఎక్కడ కనబడిందో తెలుసుకోవాలంటే 1946కు వెళ్లాలి. జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే, ఎల్క్ కన్నా పెద్ద జింక వేటకు వెళ్లాడు. ఆయన చేతిలో, బుల్లెట్‌ను మామూలు కన్నా వేగంగా పంపే త్రీ హండ్రెడ్ మాగ్నం రకం రైఫిల్ ఉంది. బురదలో పొర్లి, ఒంటినిండా ఎండిన మట్టి పట్టిన మూస్‌ను ఆయన కొట్టాడు. బుల్లెట్లు ఆ మట్టి, చర్మం దగ్గరే చితికిపోయాయి తప్ప లోపలికి దిగలేదు. ఇంటికి వచ్చి, బుల్లెట్ మధ్యలో రాగి గోడ నిలిపి, ముందు సగం విచ్చుకున్నా వెనుక సగం చెదరకుండా లోపలికి పోయేలా ఒక కొత్త బుల్లెట్ తయారు చేశాడు. అదే పార్టిషన్. 1948 నుంచి దానిని అమ్మడం మొదలుపెట్టాడు. ప్రీమియం బుల్లెట్లు, అంటే ఈ ఖరీదైన రకాల కథ అంతా దాదాపు దీనితోనే మొదలయింది. ఆ కథలో మనం గమనించవలసింది, బుల్లెట్ విఫలమైనది మాగ్నం వేగం దగ్గర అన్న సంగతి.

తరువాత వచ్చినవి రెండు రకాలు. సీసాన్ని తొడుగుకు అతికించి విడిపోకుండా చేసినవి ఒకటి. స్విఫ్ట్ ఏ-ఫ్రేమ్, నోస్లర్ ఆక్యుబాండ్ అటువంటివి. అసలు సీసమే లేకుండా మొత్తం రాగితో చేసినవి రెండవ రకం. 1989లో బార్న్స్ సంస్థ తెచ్చిన ఎక్స్ బుల్లెట్ దీనికి దారి చూపింది. చర్మం కింద అవతలి పక్కన దొరికిన బుల్లెట్లను పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలుస్తుంది. సాధారణ బుల్లెట్ తొడుగు చీలికలై వెనక్కి ముడుచుకుని, మధ్యలో నల్లబడిన సీసపు ముద్ద వంకరగా మిగిలి ఉంటుంది. బరువు తూస్తే ఎంతో కొంత తగ్గుతుంది. రాగి బుల్లెట్ ముక్కు దగ్గర నాలుగు రేకులు వెనక్కి వంగి, అడుగు భాగం కొత్తదానిలా ఉంటుంది. బరువులో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా నిలిచి ఉండడం మామూలే.

కనుక మీ అల్లుడు త్రీ హండ్రెడ్ విన్‌చెస్టర్ మాగ్నం కానీ, సెవెన్ మిల్లీమీటర్ రెమింగ్టన్ మాగ్నం కానీ పట్టుకుని ఉంటే, దట్టమైన చెట్ల మధ్య యాభై గజాల దగ్గర ఎల్క్ ఎదురుపడే అవకాశం ఉంది కాబట్టి, గట్టి బుల్లెట్టే కొనమని నేనే చెప్పేవాడిని. ఎంత దగ్గరైతే అంత వేగం, ఎంత వేగమైతే సాధారణ బుల్లెట్‌కు అంత ప్రమాదం. అలాగే ఈ మధ్య చాలామంది ఇష్టపడుతున్న సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మూర్ వంటి సన్నని రంధ్రపు గొట్టమున్న రైఫిల్ అయితే బుల్లెట్ తేలికది కాబట్టి, ఉన్న బరువును చెదరకుండా కాపాడుకునే ప్రీమియం బుల్లెట్ వాడడం మంచిది. థర్టీ ఆట్ సిక్స్‌లోనే 150 గ్రెయిన్ల సాధారణ బుల్లెట్‌ను ఎల్క్ మీద వాడడం నాకు ఇష్టం లేదు. అదే డబ్బుకు 180 గ్రెయిన్లది దొరుకుతున్నప్పుడు బరువైనదే తీసుకోండి. సాధారణ బుల్లెట్‌లో లోతును ఉచితంగా ఇచ్చేది ఆ బరువే.

ఇక డబ్బు సంగతి. స్థానికేతరుడికి ఎల్క్ లైసెన్సే ఎనిమిది వందల డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. ప్రయాణం, బస, చలి దుస్తులు అదనం. ఇంత ఖర్చులో పెట్టెకు 35 డాలర్ల తేడా లెక్కలోకి రాదని కొందరు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఖరీదైన పెట్టె ఒకటే కొని, అందులో నాలుగు తూటాలు సాధనకు కాల్చి, మిగతావి దాచుకుని కొండకు వెళ్లేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. చవకవి మూడు పెట్టెలు కొని, రెండు పెట్టెలు పూర్తిగా కాల్చి, మోకాలి మీద, కూర్చుని, చెట్టుకు ఆనుకుని కొట్టడం అలవాటు చేసుకున్నవాడి చేతిలో ఆ జంతువుకు బాధ తక్కువ. ఎత్తయిన కొండ మీద, ఊపిరి అందక, గుండె దడదడలాడుతున్నప్పుడు తగలవలసిన చోట తగలడం బుల్లెట్ ధర మీద ఆధారపడదు. ఇక్కడ ఉన్నన్ని నాళ్లూ గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్ వంటి చోట ఎయిర్ రైఫిల్‌తో అయినా ట్రిగ్గర్ మీద వేలును తిరిగి సాధనలో పెట్టుకోండి. సైన్యంలో నేర్చిన చేయి త్వరగానే దారికి వస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. ఏ బుల్లెట్‌తో వేటకు వెళ్తారో ఆ బుల్లెట్‌తోనే టెలిస్కోపును సరిచేసుకోవాలి. ఒక రకంతో సరిచేసి మరో రకంతో కాలిస్తే వంద గజాల దగ్గరే రెండు మూడు అంగుళాల తేడా రావచ్చు.

నిలబడిన కోణం గురించి నా అభిప్రాయం గట్టిది. సాధారణ బుల్లెట్ పెట్టుకుని వెళ్లినవాడు, జంతువు పక్కకు తిరిగేదాకా ఆగడం తన బాధ్యతగా తీసుకోవాలి, తిరగకపోతే వదిలేయాలి. ప్రీమియం బుల్లెట్ కొనడానికి అసలైన కారణం ఏటవాలు కోణంలో జబ్బ ఎముకను దాటే బలం దానికి ఉండడమే. అలా అని వెనుక నుంచి, పొట్ట మీదుగా కొట్టడానికి ఏ ధర బుల్లెట్టూ అనుమతి కాదు. కొట్టిన తరువాత జంతువు నిలబడే ఉంటే, మొదటి దెబ్బ బాగా తగిలిందని మీకు అనిపించినా, రెండవ తూటా వెంటనే కాల్చండి. కనుమరుగైతే అరగంట ఆగి, నెత్తుటి జాడను నెమ్మదిగా పట్టుకుని వెళ్లండి. మీ రైఫిల్ అనుమతుల విషయంలో ఈ శీర్షికలోనే కింద ఇచ్చిన చివరి జవాబును తప్పక చదవండి, అది మీకు కూడా వర్తిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు డెన్వర్‌లో ఉంటారు. పక్కింటివారు తాము వేటాడిన ఎల్క్ మాంసం, ఎక్కువగా కీమా చేసి, ఏటా ఇస్తూ ఉంటారు. మా మనవడికి మూడేళ్లు. బుల్లెట్‌లో సీసం ఉంటుందని విన్నప్పటి నుంచి నాకు దిగులుగా ఉంది. రాగి బుల్లెట్‌తో కొట్టిన మాంసమైతేనే తినమని చెప్పాలా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అవునమ్మా, చెప్పండి. ఖరీదైన బుల్లెట్ అవసరమా అన్న ప్రశ్నకు వేటగాడి వైపు నుంచి జవాబు ఒకటైతే, వంటింటి వైపు నుంచి జవాబు వేరు, నా దృష్టిలో ఇది మరింత ముఖ్యమైనది.

సీసపు బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనబడనంత చిన్న తునకలు గాయం చుట్టూ చెదురుతాయి. ఎక్స్‌రే తీసి చూస్తే అవి గాయానికి చాలా దూరంలో కూడా కనిపిస్తాయి. కాబట్టి నెత్తురు పట్టిన భాగాన్ని కోసి పారవేసినంత మాత్రాన పూర్తిగా పోయినట్టు కాదు. కీమాలో ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే గాయం దగ్గరి ముక్కలూ, దూరపు ముక్కలూ ఒకే యంత్రంలో పడి కలిసిపోతాయి. 2008లో నార్త్ డకోటా రాష్ట్ర ఆరోగ్యశాఖ, పేదలకు పంచడానికి దానంగా వచ్చిన జింక కీమాను పారవేయమని ఆహార కేంద్రాలకు చెప్పింది ఈ కారణంగానే. పిల్లల రక్తంలో సీసం ఎంత తక్కువ ఉన్నా పరవాలేదనే హద్దు అంటూ ఏదీ లేదని వైద్యుల మాట. ఎదిగే మెదడు మీద దాని ప్రభావం పడుతుంది. మూడేళ్ల పిల్లవాడికీ, గర్భంతో ఉన్నవారికీ సీసపు బుల్లెట్‌తో కొట్టిన మాంసపు కీమా పెట్టకపోవడమే సరైనది.

పక్కింటివారిని నొప్పించకుండా ఒక మాట అడిగితే చాలు: ఏ బుల్లెట్ వాడారు, కీమా ఏ భాగంతో చేశారు అని. రాగి బుల్లెట్ అయితే నిశ్చింతగా పుచ్చుకోవచ్చు. సీసపుదైతే కీమాకు బదులు, గాయానికి బాగా దూరంగా ఉండే వెనుక తొడ మాంసాన్ని ముక్కగా ఇమ్మని అడగవచ్చు. అది పెద్దవారు తింటారు. ఇక్కడ ప్రీమియం అన్న పేరు చూసి మోసపోకండి. అతికించిన సీసపు బుల్లెట్లు కూడా ప్రీమియమే, వాటిలో తునకలు తగ్గవచ్చునేమో కానీ సీసం సీసమే. పెట్టె మీద సీసం లేదని స్పష్టంగా రాసి ఉండాలి.

ఈ విషయం మనుషులతోనే ఆగదు. వేటగాళ్లు కొండ మీద వదిలేసిన పేగులనూ, మాంసపు తుక్కునూ తిని కాలిఫోర్నియా కాండార్ అనే పెద్ద రాబందులు సీసపు విషంతో చచ్చిపోయాయి. 1982 నాటికి ప్రపంచం మొత్తంలో 22 మాత్రమే మిగిలాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. పశువుల మందు డైక్లోఫినాక్ వల్ల మన రాబందులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద మిగిలిన కొన్నింటిని కాపాడుకోవడానికి ఎంత శ్రమ పడవలసి వచ్చిందో తెలిసిన తెలంగాణవారికి దీని బరువు వేరుగా చెప్పనక్కరలేదు. రాగి బుల్లెట్ ఎల్క్‌ను పడగొట్టడంలో ఏమాత్రం తీసిపోదు. అయితే దూరం ఎక్కువై వేగం సెకనుకు 2000 అడుగుల కన్నా బాగా తగ్గితే కొన్ని రకాలు సరిగా విచ్చుకోవు కనుక, వేటగాడు మూడు వందల గజాల లోపు కొట్టడం మేలు. సీసం కన్నా రాగి తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది, కొన్ని పాత రైఫిళ్లలో అది గురిగా పోదు. అటువంటప్పుడు కాస్త తక్కువ బరువున్నది ఎంచుకుంటే సరిపోతుంది. ముక్కలు కాదు కనుక తేలికైనా లోతుకు పోతుంది.

ప్రశ్న: నేను త్వరలో హెచ్-1బి వీసా మీద కొలరాడో వెళ్తున్నాను. అక్కడి సహోద్యోగులు ఎల్క్ వేటకు రమ్మంటున్నారు. నేను రైఫిల్ పట్టుకోవచ్చా, తూటాలు కొనవచ్చా? కొట్టిన బుల్లెట్‌ను జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి, హైదరాబాద్

జవాబు: వీసా మీద తాత్కాలికంగా ఉన్నవారు తుపాకీ కానీ, తూటాలు కానీ కలిగి ఉండడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో మీకు పనికివచ్చేది ఒకటి: ఆ దేశంలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం. లైసెన్సు చేతికి రాకముందే సాధన కోసమని స్నేహితుడి రైఫిల్ పట్టుకోవడం, ఒక పెట్టె తూటాలు కొనిపెట్టుకోవడం రెండూ ప్రమాదమే, వీసాకే ముప్పు తెస్తాయి. కాబట్టి వరుస ఇది: ముందు వేటగాళ్ల భద్రతా శిక్షణ, తరువాత లైసెన్సు, ఆ తరువాతే రైఫిల్. 1949 జనవరి 1న కానీ, ఆ తరువాత కానీ పుట్టిన వారందరికీ కొలరాడోలో ఈ శిక్షణ ధ్రువపత్రం తప్పనిసరి. సందర్శకుల వీసా మీద వెళ్లే సైనిక్‌పురి పాఠకుడికి కూడా ఇదే వర్తిస్తుంది. నిబంధనలు ఏటా కొంత మారుతాయి కనుక, ఆ సంవత్సరపు నియమాల పుస్తకాన్ని కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వారి నుంచి తీసుకుని చదవండి. గ్రీన్ కార్డు ఉన్న అల్లుళ్లకు ఈ వీసా అడ్డంకి లేదు.

జ్ఞాపకం సంగతికి వస్తే, కాల్చని తూటా ఒక్కటి కూడా సామానులో ఉండకూడదు. కోటు జేబులో మరచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీలో బయటపడితే, 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు ఎదుర్కోవలసి వస్తుంది. కాల్చాక మిగిలే తూటా ఖాళీ ఇత్తడి గొట్టం కూడా తనిఖీవారిని ఆపిస్తుంది. వేటకు వాడిన సంచీని, కోటును తిరుగు ప్రయాణానికి వాడకుండా అక్కడే వదిలి రండి. వాడక తప్పదంటే ప్రతి జేబునూ, అడుగు కుట్టునూ బయటికి తిప్పి చూసుకోండి. విచ్చుకున్న బుల్లెట్‌కు మంచి ఫోటో తీసుకుని, దానిని స్నేహితుడి ఇంట్లోనే ఉంచండి.